ఏ తుపాకీకి ఆ తూటా

ఆగస్టు 17, ఆదివారం

కౌశిక్ రైఫిల్ కొంటానంటున్నాడు. నేను వద్దన్నాను. తర్వాత ఎప్పుడైనా నాకే అనుమానం వస్తే చూసుకోవడానికి ఉంటుందని రాసి పెడుతున్నాను. వద్దన్నాను.

మా వెనక వీధిలో మనవాళ్ళింట్లో దొంగలు పడ్డారు. ఇంట్లోవాళ్ళు పెళ్ళికని ఆస్టిన్ వెళ్ళారు. దొంగలు టీవీ ముట్టుకోలేదు, లాప్‌టాప్ ముట్టుకోలేదు. బియ్యం డబ్బా మాత్రం బోర్లించారు. మనం బంగారం ఎక్కడ దాస్తామో వాళ్ళకి తెలుసు. టెక్సాస్‌లోని మా ఫ్రిస్కోలో వారమంతా ఇదే మాట.

ఆ వారంలోనే, మేమిద్దరం ఆఫీసుల్లో ఉన్నప్పుడు ఎవరో మా ఇంటి బెల్ కొట్టాడు. లోపల మా అమ్మాయి హంసిక ఒక్కతే ఉంది, తలుపు తీయలేదు. అతను కాసేపు నిలబడి, పక్క కిటికీలోంచి ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. కెమెరాలో పడిన ఆ వీడియోని కౌశిక్ సినిమా చూసినట్టు చూస్తున్నాడు. అతను సోలార్ ప్యానెళ్ళు అమ్మే మనిషి. చొక్కా మీద కంపెనీ పేరుంది. తలుపుకి కరపత్రం కూడా తగిలించి వెళ్ళాడు.

"సోలార్ వాడేలే," అన్నాను.

"ఈసారి సోలార్ వాడు. వచ్చేసారి?"

వచ్చేసారి చీడపురుగుల మందు కొట్టేవాడు. మా వీధిలో వరస అదే. కానీ కౌశిక్ అడిగింది అది కాదు.

హంసికకి పద్దెనిమిది. యూనివర్సిటీ మొదటి సంవత్సరం. అక్కడి హాస్టల్లో, డార్మ్‌లో ఉంటానంది. ఇంటినుంచే వెళ్ళి రావచ్చని ఒప్పించడానికి నాకు వేసవంతా పట్టింది. పిల్ల ఇంట్లో ఉండాలి. నాకు కావలసింది అదొక్కటే. కౌశిక్‌కి కావలసిందీ అదే, కాకపోతే అతను అక్కడినుంచి రైఫిల్ దాకా వెళ్ళాడు.

ఆగస్టు 19

మళ్ళీ వద్దన్నాను.

ఆగస్టు 23, శనివారం

వద్దని చెప్పడానికి నేనూ కొట్టుకి వెళ్ళాను.

ఫర్నిచర్ షోరూమ్ అంత ఉంది. గోడ నిండా నల్ల రైఫిళ్ళు. దగ్గరికెళ్ళి చూస్తే మా కాలనీ ఇళ్ళలాగే అన్నీ ఒకే నమూనా, పిడి దగ్గరా ముందు పట్టు దగ్గరా చిన్న చిన్న తేడాలు. చూడటానికి మిలిటరీవే. కానీ నొక్కినప్పుడల్లా ఒక్కటే పేలుతుంది. ఆ సంగతి కౌశిక్‌కి అక్కడే తెలిసింది. కొంచెం నిరాశపడ్డాడు.

కౌంటర్ దగ్గరాయన దేనికోసమని అడిగాడు.

"ఇంటికి. మా అమ్మాయి ఒక్కతే ఉంటుంది," అన్నాడు కౌశిక్. "రిటర్న్ పాలసీ ఏమిటి?"

"సర్, తుపాకీ వెనక్కి తీసుకోం."

"పోనీ ఎక్స్చేంజ్?"

కౌశిక్ ఎవరో వాడి అమ్మేసిన రైఫిల్ ఒకటి ఎంచుకున్నాడు. దానితోపాటు ఆకుపచ్చ రంగు మిలిటరీ తూటాల పెట్టె ఒకటి, ఆఫర్‌లో ఉంది. నేను బ్యారెల్ మీద చెక్కిన అంకె చూశాను, .223. పెట్టె మీద చూశాను, 5.56.

"రెండూ ఒకటే సైజు. వీడియోలో చూశాను," అన్నాడు.

నాకు అక్కడ కోపం వచ్చింది. తుపాకీ కొంటున్నందుకు కాదు, తప్పు తుపాకీ కొంటున్నందుకు.

"ఇవాళ వద్దు," అన్నాను.

"అసలు కొనొద్దంటావా, ఇది కొనొద్దంటావా?"

రెండూ అన్నాను. ఇంటికి వచ్చే దారిలో అతను మొదటిది మర్చిపోయాడు.

ఆగస్టు 24

రోజంతా చదివాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. ఏది దేనితో కలిసి పనిచేస్తుందో, ఏది దేన్ని పడగొడుతుందో ముందే చూసి చెప్పినందుకు నాకు జీతం ఇస్తారు. కాబట్టి ఇది ఆసక్తి కాదు, అలవాటు.

.223, 5.56 కొలతల్లో దాదాపు కవలలు. మొదటిది మామూలు జనానిది, రెండోది మిలిటరీది. మిలిటరీ తూటాలో ఒత్తిడి ఎక్కువ. 5.56 అని చెక్కిన రైఫిల్లో రెండూ కాల్చవచ్చు. .223 అని మాత్రమే చెక్కిన దానిలో 5.56 కాల్చకూడదు. లోపలికి పోతుంది, మూసుకుంటుంది, పేలుతుంది కూడా. ఒత్తిడి మాత్రం హద్దు దాటుతుంది. ఎప్పుడో ఒకప్పుడు ఇనుము భరించలేదు. సైజు సరిపోతే చాలనుకునేవాళ్ళకి ఇదీ సమాధానం.

దీన్ని మించిన ప్రమాదం ఇంకోటి ఉంది. .300 బ్లాకౌట్. 5.56 తొడుగునే కురచగా కోసి అందులో లావు బుల్లెట్ పెడతారు. అడుగు భాగం అదే, తూటాలు నింపే మ్యాగజైన్ అదే, పైకి రైఫిల్ కూడా అదే. బ్యారెల్ ఒక్కటే వేరు. ఆ లావు బుల్లెట్ పొరపాటున 5.56 రైఫిల్లోకి వెళ్ళి పేలిందంటే ముందుకి దారి దొరకదు, పేలుడు వెనక్కి వస్తుంది. రైఫిల్ ముక్కలవుతుంది. పట్టుకున్నవాళ్ళ సంగతి వాళ్ళ అదృష్టం. ఫోటోలు చూశాను.

కాబట్టి కొంటే 5.56 రైఫిల్ కొనాలి. ఇంట్లో తూటా ఒకటే రకం ఉండాలి, దాని పెట్టెలోనే ఉండాలి. అడుగున చెక్కిన అక్షరాలు చదవకుండా ఒక్కటి కూడా మ్యాగజైన్‌లోకి పోకూడదు.

కౌశిక్ ఎలాగూ కొంటాడు. కొనేవాడికి సరైన సమాచారం ఇవ్వడం వేరు, సరేననడం వేరు.

ఆగస్టు 30, శనివారం

భోజనాల దగ్గర హంసికకి చెప్పాం. నేను కాదు, కౌశిక్ చెప్పాడు. నేను సాంబారు వడ్డిస్తున్నాను.

"నన్ను అడగకుండా డిసైడ్ చేశారా?"

"నీ కోసమే కదమ్మా," అన్నాడు కౌశిక్.

"నా కోసం అయితే నేను నో అంటున్నా. వెరీ సింపుల్."

"బయట ఎలా ఉందో నీకు తెలియదు."

"నాన్నా, నాకే తెలుసు. మీరు ఇక్కడ స్కూల్‌కి వెళ్ళలేదు. నేను కిండర్‌గార్టెన్ నుంచి క్లోజెట్‌లో సైలెంట్‌గా కూర్చోడం ప్రాక్టీస్ చేశా. ఎవరైనా గన్ తెస్తే ఏం చేయాలి అని. స్కూల్ అయిపోయింది, ఇంక అది కూడా అయిపోయింది అనుకున్నా. ఇప్పుడు మీరు తెస్తున్నారు."

కౌశిక్ పెరుగన్నం కలుపుకున్నాడు. నేను కలగజేసుకున్నాను. రైఫిల్ దాచే ఇనప పెట్టెకి కోడ్ ఉంటుంది, తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళంతో ఉంటాయి, రకం తప్పే అవకాశమే లేదు, 5.56 రైఫిల్లో .223 అయినా ఇబ్బంది లేదని చెప్పాను.

హంసిక నా వైపు తిరిగింది. "అమ్మా, నువ్వు వద్దన్నావు కదా?"

"అన్నాను."

"మరి ఇదంతా నీకెలా తెలుసు?"

తర్వాత, మాయ అపార్ట్‌మెంట్‌లో ఒక రూమ్ ఖాళీగా ఉందని చెప్పింది. మాయ తన క్లాస్‌మేట్. రైఫిల్ వస్తే తను అక్కడికి వెళ్తుందట. గొంతు పెంచలేదు. వాతావరణం చెప్పినట్టు చెప్పింది.

పిల్లలు అలాగే అంటారు.

సెప్టెంబర్ 6, శనివారం

కొన్నాడు. 5.56. మోడల్ నేను ఎంచాను. కొన్నది అతను.

మాకు సిటిజెన్‌షిప్ ఉంది కాబట్టి కాగితాల పని తొందరగానే అయింది. కొత్తిమీర కొసరు అడిగినట్టు తుడిచే సామాను కొసరు అడిగాడు కౌశిక్. ఇచ్చారు. తూటాలు మాత్రం చిన్న పెట్టెల్లో కాకుండా పెద్ద కేసు తీసుకున్నాం. కలిసొస్తుంది. బియ్యమైనా మేం అలాగే కొంటాం.

సెప్టెంబర్ 7

హంసిక వెళ్ళింది. ఒక సూట్‌కేసు, దిండు. కొద్ది రోజులకే. పుస్తకాలన్నీ ఇక్కడే ఉన్నాయి.

ఇనప పెట్టె కోడ్ కౌశిక్‌కి చెప్పలేదు. వద్దన్న మనిషి దగ్గర ఉండటమే క్షేమం. దొంగ వస్తే నన్ను లేపమన్నాను.

సెప్టెంబర్ 9

ఫోన్ ఎత్తలేదు.

సెప్టెంబర్ 10

ఎత్తింది. తిన్నావా అంటే తిన్నానంది. ఏం తిన్నావంటే ఫుడ్ అంది.

సెప్టెంబర్ 14, ఆదివారం

నీరజ్ భోజనానికి వచ్చాడు. కౌశిక్ టీమ్‌లో పనిచేస్తాడు, కరీంనగర్ అబ్బాయి, హెచ్-1బి మీద ఉన్నాడు. గుడ్డు వేశారేమోనని పుట్టినరోజు కేకు కూడా ముట్టడు. అతను వేట లైసెన్స్ తీసుకున్నాడు.

"వీసా మీద ఉన్నోళ్ళకి గన్ అమ్మరక్కా. హంటింగ్ లైసెన్స్ ఉంటే అమ్మొచ్చని రూల్ ఉంది. అందుకే తీస్కున్న."

"నువ్వు దేన్ని వేటాడతావు?"

"అడవి పందుల్ని. ఇక్కడ రాంచ్‌లల్ల మస్తున్నయంట."

"వేటాడి ఏం చేస్తావు?"

"ఏం చేస్త? ఇడిసిపెడ్త. లైసెన్స్ ఉంటే సంపాల్నని రూల్ లేదు గదక్కా."

కౌశిక్ నవ్వాడు. రైఫిల్ ఉన్న మనిషి ఇంకొకడు తోడు దొరికినట్టుంది అతనికి. నీరజ్‌ది కూడా చూడటానికి అచ్చం మాలాంటిదే. పందులకి అదే మంచిదన్నారని .300 బ్లాకౌట్ కొన్నాడట.

నేను గరిటె కింద పెట్టాను. మొత్తం చెప్పాను, ఫోటోలు కూడా చూపించాను. మీ ఇద్దరి తూటాలు ఒకే సంచిలో ఉండకూడదు, ఒకే కారు డిక్కీలో ఉండకూడదు, ఒకే బల్ల మీద ఉండకూడదు. అడుగు చదవకుండా ఒక్కటీ లోపల వేయకూడదు.

"మడి లెక్కనా అక్కా?"

"మడే."

"మా నానమ్మ యాదికొస్తుంది," అన్నాడు. కానీ శ్రద్ధగా విన్నాడు. కౌశిక్ ఆ సమయంలో అప్పడాలు వేయించుకుంటున్నాడు.

సెప్టెంబర్ 20, శనివారం

షూటింగ్ రేంజ్‌కి వెళ్ళాం. సిటీ చివర గిడ్డంగిలాంటి హాలు. అద్దాలు, చెవులకి మూతలు తప్పనిసరి. నేను కాల్చనని ముందే చెప్పాను. ఒక్క మ్యాగజైన్ కాల్చాను, రైఫిల్, తూటా సరిగ్గా కలిసి పనిచేస్తున్నాయో లేదో చూడాలి కదా.

పనిచేస్తున్నాయి. నా కాగితంలో చిల్లులన్నీ ఒకచోటే ఉన్నాయి. కౌశిక్ కాగితంలో ఒక మూల చిరిగింది. రేంజ్ ఆఫీసర్ పెద్దాయన నా కాగితం పట్టుకుని మిగతావాళ్ళకి చూపించాడు. దాన్ని ఇంటికి తెచ్చాను. చెత్తలో వేయడానికి అక్కడ డబ్బా కనిపించలేదు.

సెప్టెంబర్ 27

బట్టలు ఉతుక్కోవడానికి హంసిక వచ్చింది. ఇక్కడి మెషీన్ బాగుంటుందట. పెట్టె మేడ మీద అల్మరాలో ఉంది కాబట్టి తను మేడ మీదకి వెళ్ళలేదు. తన గది కూడా అక్కడే. పుస్తకం కావాలంటే నన్ను తెచ్చిమ్మంది.

"దసరా పూజకి వస్తావా? రాధారాణి ఆంటీ అడిగారు."

"పులిహోర ఉంటే వస్తా."

అక్టోబర్ 4, శనివారం

రాధారాణి గారు ఈ ఊళ్ళో మనవాళ్ళకి పెద్ద దిక్కు. ప్రతి ఏడూ దసరా వారాంతంలో ఆయుధ పూజ వాళ్ళింట్లోనే. ఇంటి ముందు కార్ల చక్రాల కింద నిమ్మకాయలు. లోపల అమ్మవారి ముందు లాప్‌టాప్‌లు, స్క్రూడ్రైవర్లు, డాక్టరు గారి స్టెతస్కోపు, ఎవరిదో మిక్సీ.

"ఇన్నాళ్ళూ కత్తిపీటలకీ కంప్యూటర్లకీ చేశాం రాగిణీ," అన్నారావిడ మొన్న ఫోన్లో నాతో. "ఈ ఏడు నిజంగా ఆయుధాలు వచ్చాయి. తేకపోతే ఊరుకోను."

తీసుకెళ్ళాం. రైఫిల్ ఖాళీగా ఉందని నేనే మూడుసార్లు చూశాను. నీరజ్ కూడా తనది తెచ్చాడు. మా తూటాలు గుప్పెడు ఒక చిన్న గిన్నెలో పెట్టి హాల్లో ఈ చివర ఉంచాను. నీరజ్ గిన్నె ఆ చివర. మడి పాటించాం.

నేను వంటింట్లో పులిహోర కలిపి వచ్చేసరికి రెండు గిన్నెలూ లేవు. తూటాలన్నీ ఒకే వెండి పళ్ళెంలో, చామంతుల మధ్య ఉన్నాయి. ఒక్కో దాని అడుగునా కుంకుమ బొట్టు.

"ఆంటీ, రెండు రకాలు కలిసిపోయాయి."

"అమ్మవారి ముందు రకాలేమిటమ్మా? పూజలో ఉన్నాయి, చెయ్యి పెట్టకు."

పూజ అయ్యాక వేరు చేద్దామనుకున్నాను. హారతి అయింది. పిల్లలకి వడ్డించమన్నారు, వడ్డించాను. తిరిగి వచ్చేసరికి ఆవిడ తూటాలు జిప్‌లాక్ సంచుల్లో పోసి, పులిహోర డబ్బాలతో పాటు మా చేతికొకటి, నీరజ్ చేతికొకటి పెట్టేశారు. సమానంగా పంచారు. ప్రసాదం దగ్గర ఆవిడ ఎవరికీ ఎక్కువ తక్కువ చేయరు.

"మూడు రోజులు కుంకుమ చెరపకండి," అన్నారు.

ఇంటికెళ్ళాక ఒక్కొక్కటీ చూడాలి.

హంసిక మాట ప్రకారం వచ్చింది. రైఫిల్‌కి వేసిన చామంతి దండ వైపు కాసేపు చూసింది. "అది గార్లండ్ వేసుకుంది," అంది. నవ్వుతోందనుకున్నాను. నవ్వలేదు.

"దీపావళికి ఇంటికొచ్చి ఉండు," అన్నాను.

"అది ఉంటుందా?"

"తాళంలో ఉంటుంది."

"అయితే చూస్తా," అంది. చూస్తా అంటే ఈ పిల్ల భాషలో రాననే. పులిహోర డబ్బా మాత్రం తీసుకెళ్ళింది.

అక్టోబర్ 7

ఆఫీసులో కొత్త వెర్షన్ రిలీజ్. ఇంటికి రాగానే పడుకుంటున్నాను. కుంకుమ గడువు ఇవాళ్టితో అయింది.

అక్టోబర్ 10, శుక్రవారం

సంచి చూశాను. తెరిస్తే కుంకుమంతా ఒలికేలా ఉంది, అందుకని పైనుంచే చూశాను. అన్నీ ఒకేలా ఉన్నాయి.

అక్టోబర్ 11, శనివారం

రేంజ్‌కి బయల్దేరుతున్నాం. పూజ చేసినవే ముందు కాల్చాలని కౌశిక్ పట్టుదల. స్ప్రింగు గట్టిగా ఉంటుంది, అతనికి బొటనవేలు నొప్పి. మ్యాగజైన్ నేనే నింపాను.

అక్టోబర్ 12

బాగానే ఉన్నాడు. అద్దాలు పెట్టుకున్నాడు కాబట్టి కళ్ళకి ఏమీ కాలేదు.

అక్టోబర్ 13, సోమవారం

ఎడమ చేతి వేళ్ళు రెండు విరిగాయి. అరచేతికి కుట్లు. బుగ్గలోంచి ఇత్తడి పెంకులు తీశారు. ఇంకో అంగుళం పైకి వచ్చి ఉంటే అని డాక్టరు మొదలుపెట్టి ఆపేశాడు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. మొదటి కొన్ని మామూలుగా పేలాయి. తర్వాత ఒకటి లోపలికి పూర్తిగా వెళ్ళలేదు, బోల్టు మూసుకోలేదు. అలాంటప్పుడు తీసి చూడాలి. కౌశిక్ ఎయిర్‌పోర్టులో నిండిన సూట్‌కేసు మూసినట్టు అరచేత్తో కొట్టాడు. మూసుకుంది. నొక్కాడు. చప్పుడు మామూలుగా లేదు. మ్యాగజైన్ అడుగు ఊడి నా కాళ్ళ దగ్గర పడింది. అందులోని తూటాలు నేల మీద దొర్లాయి.

రేంజ్ ఆఫీసర్ కాల్పులన్నీ ఆపించాడు. అంబులెన్స్ వచ్చేలోగా దొర్లినవి ఏరి, వెలుగులో తిప్పి చూశాడు.

"వీటిలో .300 ఎలా వచ్చాయి?" అని అడిగాడు. "ఈ ఎరుపేమిటి? మిలిటరీ లక్కా?"

మిలిటరీ తూటాల అడుగున తేమ పోకుండా ఎర్రటి లక్క పూస్తారు. అది నాకు తెలుసు. అవునన్నాను.

మ్యాగజైన్ ఎవరు నింపారని కూడా అడిగాడు. అప్పుడే అంబులెన్స్ వచ్చింది. ఎవరు నింపారన్నది ఇక్కడ ముఖ్యం కాదు. మూసుకోనప్పుడు కొట్టకూడదు.

అక్టోబర్ 14

రాధారాణి గారు ఫోన్ చేశారు. "చూశావా రాగిణీ, పూజ చేయించబట్టే ప్రాణగండం తప్పింది."

అక్టోబర్ 15

నీరజ్ పళ్ళు పట్టుకొచ్చాడు. కౌశిక్ నిద్రపోతున్నాడు. నీరజ్ సోఫా అంచున కూర్చున్నాడు.

"నా సంచిల మీవి ఉండెనక్కా. నేను ఇంటికి పోంగనే ఒక్కొక్కటి తుడ్చి, కింద సదివి, మీవి పక్కకు పెట్టిన."

"అదే రోజా?"

"అదే రోజు. మీరే చెప్పిండ్రు గద, సదవకుంట లోపలెయ్యొద్దని."

"మరి మాకు ఫోన్ చేయలేదేం?"

"చేద్దామనే అనుకున్న. మల్ల, మీకు తెల్వకుంట ఉంటదా, అక్కకు చెప్పుడేంది అని ఊకున్న."

కాఫీ ఇచ్చాను. చక్కెర వేయడం మర్చిపోయాను. అతను అలాగే తాగేశాడు.

అక్టోబర్ 20, దీపావళి

హంసిక వచ్చింది. సూట్‌కేసుతో వచ్చింది. తిన్నగా మేడ మీదకి వెళ్ళి, అల్మరా తెరిచి, తెరిచి ఉన్న ఖాళీ పెట్టె చూసి, తన గదిలో దిండు వేసుకుంది.

వాళ్ళ నాన్నకి చేత్తో అన్నం తినిపించింది. కౌశిక్ కుడిచేయి బాగానే ఉంది, అయినా తినిపించుకున్నాడు. గడపలో దీపాలు పెట్టాం. సోలార్ వాడు మళ్ళీ వచ్చాడు. హంసిక తలుపు తీసి, వద్దండీ థాంక్స్ అని చెప్పి, చేతిలో లడ్డూ పెట్టి పంపింది.

అక్టోబర్ 22

మేడ మీద నుంచి పాటలు వినిపిస్తున్నాయి. విసుక్కున్నాను, అలవాటుగా. తను తగ్గించలేదు.

అక్టోబర్ 26, ఆదివారం

కౌశిక్ ఒంటి చేత్తో లాప్‌టాప్ మీద ఏదో చూస్తున్నాడు. కేసులో తూటాలు దాదాపు అన్నీ మిగిలాయట. కొన్నవాళ్ళు వెనక్కి తీసుకోరు. పారేయడానికి కూడా పద్ధతులున్నాయి, చెత్తబుట్టలో వేయకూడదు.

"ఊరికే వృథా కదా," అన్నాడు.

వద్దన్నాను. స్పష్టంగా అన్నాను.

"రైఫిల్ ఉంటేనే వాటికి విలువ. పైగా ఇప్పుడు మనకి అనుభవం ఉంది," అన్నాడు.

అది నిజం. రైఫిల్ కొని దానికి తూటా వెతకడం కష్టం. తూటా ముందే ఉంటే దానికి రైఫిల్ వెతకడం తేలిక, ఒక ప్రశ్న తగ్గుతుంది. అతను చూస్తున్న మోడల్ బాగోలేదు. ఆ మాట మాత్రం అన్నాను.

అక్టోబర్ 29, బుధవారం

పొద్దున కాఫీల దగ్గర హంసిక అడిగింది. లాప్‌టాప్ చూసినట్టుంది.

"అమ్మా, మళ్ళీ కొంటున్నారా? ఎస్ ఆర్ నో."

నో అనాలి. నాకు తెలుసు. దానికి ఒక్క క్షణం చాలు. కానీ ఆ క్షణంలో నాకు తట్టింది వేరు. ఈసారి నీరజ్‌ని అతనిది అమ్మేయమంటే ఇక కలిసే అవకాశమే ఉండదు, పూజకి తీసుకెళ్ళం, పెట్టె విప్పం, అప్పుడు తప్పు జరగడానికి దారే లేదు. ఇదంతా ఆలోచించి తల ఎత్తేసరికి హంసిక కప్పు సింకులో పెడుతోంది.

"నేనింకా ఏమీ అనలేదు," అన్నాను.

"ఐ నో," అంది.

కౌశిక్ నా వైపు చూశాడు. నేను నో అంటానని అతను కూడా ఎదురుచూశాడా అని ఇప్పుడు అనిపిస్తోంది. అతన్ని అడగలేదు.

అక్టోబర్ 30

సూట్‌కేసు, దిండు. ఈసారి పుస్తకాలు కూడా.

నవంబర్ 8, శనివారం

కొన్నాం. 5.56 అని బ్యారెల్ మీద పెద్ద అక్షరాల్లో ఉంది. నీరజ్ తనది అమ్మేశాడు, లైసెన్స్ మాత్రం ఉంచుకున్నాడు. ఇంట్లో ఇప్పుడు ఒకే రకం తూటా ఉంది, మిగిలిన పెట్టెలు విప్పకుండా. కౌశిక్ ఇంకా వేళ్ళు మడవలేడు కాబట్టి ప్రస్తుతానికి ఎవరూ కాల్చరు. ఇంతకన్నా క్షేమంగా ఉంచడం ఎవరివల్లా కాదు.

నవంబర్ 9, ఆదివారం

మధ్యాహ్నం హంసిక ఫోన్ చేసింది. తనే చేసింది. మాయతో కలిసి ఏడాదికి లీజు మీద సంతకం పెట్టిందట. మూడో అమ్మాయి కూడా చేరిందట, హ్యూస్టన్ అమ్మాయి, పేరు ఉషా. నాన్న కుట్లు విప్పారా అని అడిగింది. విప్పారన్నాను. రైఫిల్ గురించి తను అడగలేదు, నేను చెప్పలేదు.

అపార్ట్‌మెంట్ గేటుకి కోడ్ ఉందా అంటే ఉందంది. మెట్ల దగ్గర దీపం ఉందా అంటే ఉందంది. ఈ కొత్త అమ్మాయి ఎలాంటిదో, ఏమిటో. ఒకే ఇంట్లో ఉండాలి. చివరికి అడిగేశాను.

"ఉషా దగ్గర గన్ లాంటివి ఏమీ లేవు కదా?"

 

"లేదమ్మా," అంది. "ఇక్కడ ఎవరి దగ్గరా లేదు."

నా మనసు కుదుటపడింది.